సీటు తెచ్చే డ్రాఫ్టర్

నేను ఒక డ్రాఫ్టర్‌ని. ఇంజనీరింగ్ డ్రాయింగ్ చదివినవాళ్లకు నన్ను పరిచయం చెయ్యనక్కర్లేదు. చదవనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. బల్ల అంచును పట్టుకునే ఒక బిగింపు, దాన్నుంచి సాగే ఇనుప కడ్డీలు, వాటి చివర గుండ్రటి కోణమానిని, దానికి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ప్లాస్టిక్ స్కేళ్లు. కాగితం మీద ఎక్కడికి జరిపినా నా గీతలు ఒకదానికొకటి సమాంతరంగానే ఉంటాయి. మనుషుల గీతలు అలా ఉండవు కాబట్టే నన్ను కనిపెట్టారు. ఇది నా అసలు ఉద్యోగం. నేను వెలగబెట్టిన ఉద్యోగం మాత్రం వేరు. నేను పిల్లలకు యూనివర్సిటీ సీట్లు ఇప్పించాను. ఇప్పించానని లోకం అంటోంది. కాదని ఖండించేటంత మంచితనం నాకు లేదు.

పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక రేకుల షెడ్డులో. నన్ను బిగించినవాడు బీడీ కాలుస్తూ, పక్కవాడితో పోట్లాడుతూ బిగించాడు. ఆ దురుసుతనం కొంచెం నాకూ అంటుకుంది. అక్కడినుంచి అట్టపెట్టెలో పడి, మరమగ్గాల చప్పుడు తప్ప మరో చప్పుడు వినపడని ఒక తెలంగాణ పట్నానికి వచ్చాను. ప్రభుత్వ పాలిటెక్నిక్ గేటు ఎదురుగా ఉన్న స్టేషనరీ దుకాణంలో కొన్నాళ్లు దుమ్ము తిన్నాను. ఉపేందర్ అనే ఎలక్ట్రికల్ కుర్రాడు దుకాణదారుతో సగం పూట బేరమాడి, చివరికి మొదట చెప్పిన ధరకే నన్ను కొన్నాడు.

మీకు ఇక్కడి చదువుల సంగతి కాస్త చెప్పాలి. పదో తరగతి అయ్యాక ఇంటర్‌కు పోకుండా పాలిటెక్నిక్‌లో చేరినవాళ్లు మూడేళ్లు డిప్లొమా చదువుతారు. ఆ తర్వాత ఏదో కంపెనీలో ట్రైనీగా చేరిపోవచ్చు. లేదంటే ఈసెట్ అనే పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుని, బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా దిగవచ్చు. దిగేవాళ్లందరి చూపూ హైదరాబాదులోని యూనివర్సిటీ కాలేజీ మీదే. అక్కడ డిప్లొమా వాళ్లకిచ్చే సీట్లేమో పెళ్లిలో చివరి బంతికి మిగిలిన గారెలన్ని ఉంటాయి.

ఉపేందర్‌కు అందులో ఒకటి దొరికింది. నన్ను కూడా పెట్టెలో పెట్టుకుని గొప్పగా హైదరాబాదు తీసుకుపోయాడు. తీరా వెళ్లాక తెలిసిందేమిటంటే, అక్కడ డ్రాయింగ్ మొదటి సంవత్సరంలోనే అయిపోతుంది. రెండో సంవత్సరంలోకి దూకినవాడికి నాతో పనే లేదు. మంచం కింద పడి ఉన్న నన్ను చూసి జాలిపడి, ఊరికి వచ్చినప్పుడు పాలిటెక్నిక్‌లో తన ఊరి కుర్రాడొకడికి ఇచ్చేశాడు. ఆ కుర్రాడికీ యూనివర్సిటీ సీటు వచ్చింది. వాడు తన జూనియర్‌కు ఇస్తే ఆ పిల్లకూ వచ్చింది. కాకి వాలింది, తాటిపండు పడింది. ఉపేందర్ కోడి కూయకముందే లేచి లెక్కలు చేశాడనీ, ఆ పిల్ల పండగకు కూడా ఇంటికి పోకుండా చదివిందనీ ఎవరికీ గుర్తులేదు. చదువు కంటికి కనిపించదు కదా, డ్రాఫ్టర్ కనిపిస్తుంది.

దాంతో నా దశ తిరిగింది. నాకు సీటు డ్రాఫ్టర్ అని పేరొచ్చింది. సీటు వచ్చినవాళ్లు నన్ను వెంట తీసుకుపోకూడదనీ, కొత్తగా ఫైనలియర్‌లోకి వచ్చినవాళ్లలో ఒకరికి తమ చేత్తో అప్పగించాలనీ ఒక ఆచారం పుట్టింది. నా మీద పసుపు కుంకుమలు పడ్డాయి. కడ్డీలకు తాయెత్తు దారాలు కట్టారు. అరిగిపోతే మహిమ తగ్గుతుందని నాతో గీతలు గీయడం మానేశారు. నా యజమాని డ్రాయింగ్ క్లాసుకు పక్కవాడి డ్రాఫ్టర్ అరువు తెచ్చుకునేవాడు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు సాగింది నా వైభవం. డ్రాయింగ్ చెప్పే మొయిజ్ సార్ ఒక్కరే ఒకసారి నన్ను చేతిలోకి తీసుకుని కుంకుమ తుడిచి, "పూజ చేయనీకి గాదు బేటా ఇది, బోర్డు మీద పెట్టనీకి" అన్నారు. ఆయన అటు వెళ్లగానే మళ్లీ బొట్టు పెట్టారు.

ఒక ఏడాది నన్ను పట్టుకున్నవాడికి సీటు రాలేదు. నా బండారం బయటపడిందనే అనుకున్నాను. హాస్టల్లో పెద్ద చర్చ జరిగి, వాడు నన్ను సీనియర్ దగ్గర ఎడమచేత్తో అందుకున్నాడని తేల్చారు. తప్పు వాడిదే అయింది. మనుషుల మీద నాకు గౌరవం పెరిగింది. నమ్మకాన్ని కాపాడుకోవడంలో వాళ్లు చూపించే తెలివి పరీక్షల్లో చూపిస్తే నాతో పనేముంది?

ఇలా చేతులు మారుతూ నరహరి దగ్గరికి చేరాను. అతనికి ఎవరికీ కాదని చెప్పడం చేతకాదు. సీటు వచ్చాక నన్ను అప్పగించడానికి పాలిటెక్నిక్‌కు వచ్చాడు గానీ, అప్పటికే ఇద్దరికి మాటిచ్చి ఉన్నాడు. ఒకరు నవనీత, ఇంకొకరు వసుధ. ఇద్దరూ ఎలక్ట్రికల్, ఇద్దరూ హాస్టల్లో ఒకే గది. యూనివర్సిటీలో ఒకే బెంచీ మీద కూర్చోవాలని మొదటి ఏడాదిలోనే ఒట్టు పెట్టుకున్నవాళ్లు. విజిటర్స్ గదిలో ఇద్దరూ కుడిచేతులు చాపేసరికి నరహరి నన్ను బల్ల మీద పెట్టి, బస్సు పోతుందని పరుగెత్తాడు.

వాళ్లు పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే బాగుండేది. వారం నీ దగ్గర, వారం నా దగ్గర అనుకున్నారు. పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకేరోజు కదా అని వసుధకు తట్టింది. చివరికి ల్యాబులోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి నన్ను రెండుగా విప్పేశారు. చీటీలు వేస్తే బిగింపూ కడ్డీలూ నవనీతకు పడ్డాయి, కోణమానినీ స్కేళ్లూ వసుధకు పడ్డాయి. చదువుకున్న పిల్లలు, అదీ ఇంజనీరింగ్ చదువుకున్న పిల్లలు, ఒక పనిముట్టును పనికిరాకుండా చేసి అదృష్టాన్ని సమంగా పంచుకున్నామని సంతోషపడ్డారు. అప్పుడు నీ ప్రాణం ఏ ముక్కలో ఉందని అడగకండి. రెంటిలోనూ ఉన్నాను. ఒక ముక్క నవనీత దిండు కింద, ఒక ముక్క వసుధ దిండు కింద, వాళ్లిద్దరూ నిద్రలో సూత్రాలు కలవరిస్తుంటే వింటూ పడుకున్నాను.

ఆ ఏడాది చివర్లో హైదరాబాదు శివార్ల నుంచి ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే కంపెనీ వచ్చి ఇద్దరినీ ట్రైనీలుగా ఎంచుకుంది. ఇళ్లలో పెద్దలది ఒకటే మాట. సీటు వస్తే చదువు, రాకపోతే కంపెనీ. అంటే ఈసెట్ పోతే పుస్తకాలు అటకెక్కినట్టే.

పరీక్ష రోజు ఇద్దరూ తమ తమ ముక్కలు సంచుల్లో పెట్టుకుని పోయారు. గేటు దగ్గర మనిషి నా కడ్డీలు చూసి, ఈ ఇనుమంతా ఏమిటని అడిగి, సంచులు బయటే పెట్టించాడు. లోపల వాళ్లు పరీక్ష రాస్తుంటే నేను బయట చెప్పుల కుప్ప పక్కన కూర్చున్నాను. నేను ఇప్పించిన సీట్లన్నీ అక్కడినుంచే ఇప్పించాను.

ఫలితాలు వచ్చాయి. నవనీతకు మంచి ర్యాంకు వచ్చింది. వసుధకు వచ్చిన ర్యాంకుతో ఎక్కడా సీటు రాదు. లెక్కల దగ్గర కంగారుపడి జవాబులు పెట్టే వరసంతా తారుమారు చేసుకుంది పాపం. మహిమంతా కడ్డీల్లోనే ఉంది, స్కేళ్లు ఉత్త ప్లాస్టిక్కే అని హాస్టలంతా తీర్మానించింది. వసుధ అందరి ముందూ నవ్వింది, నవనీతకు మిఠాయి తినిపించింది. తర్వాత కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆ రోజు మాత్రం నాకు పరాచికాలు తోచలేదు.

తర్వాత కాలేజీలను ఎంచుకునే వారం వచ్చింది. ఏ కాలేజీ ముందు కావాలో, ఏది తర్వాతో వరసగా కంప్యూటర్లో పెట్టాలి. ఆఖరి రోజు సాయంత్రం లోపు మార్చుకోవచ్చు, ఆ తర్వాత మార్చడానికి లేదు. ఆ ఆఖరి రోజునే నవనీత నెట్ సెంటర్లో కూర్చుంది. మర్నాడు కంపెనీలో చేరడానికి పోతున్న వసుధ, తన ముక్కను తిరిగి ఇచ్చేద్దామని అక్కడికి వచ్చింది.

"ఏది ముంగట పెట్టినవ్?" అని అడిగింది.

"మన పక్కూరి ప్రైవేటుది. యూనివర్సిటీ ఎనక పెట్టిన."

"నీ ర్యాంకుకు యూనివర్సిటీ వస్తదే. ఎనకెందుకు పెట్టినవ్?"

"అది ముంగట పెట్టినంక రాలేదనుకో, కంప్యూటర్ మల్ల దీని దగ్గరికి వచ్చేసరికి ఇది గూడ నిండిపోతది. ఏదీ లేకుంట కంపెనీకి పోవాలె. సగం డ్రాఫ్టర్‌తోని ర్యాంకు వచ్చుడే ఎక్కువ వసుధా. ఇంక ఆశపడొద్దు."

ఈ భయం నవనీత ఒక్కదానిదే కాదు. ఏటా ఎంతోమంది పిల్లలు ఇలాగే పెద్ద కాలేజీని కిందికి నెట్టి, చిన్నదాన్ని పైన పెట్టుకుంటారు. పెట్టుకున్నదే వస్తుంది, తర్వాత జీవితమంతా తల పట్టుకుంటారు. నిజానికి కంప్యూటర్ ర్యాంకు ప్రకారం పిలుస్తుంది. మన వంతు వచ్చినప్పుడు మన మొదటి కోరిక చూస్తుంది, అది లేకపోతే అక్కడికక్కడే రెండోది చూస్తుంది. మధ్యలో మన వెనకవాళ్లెవరూ దూరరు. వసుధ ఇదంతా ఓపిగ్గా చెప్పింది. నెట్ సెంటర్ నడిపే సదయ్య చదువుతున్న పేపరు లాక్కుని, దాని అంచు మీద బొమ్మ గీసి మరీ చూపించింది. నవనీత బుద్ధిగా తల ఊపింది, మౌస్ మీద చెయ్యి మాత్రం కదపలేదు. ఇంకాసేపట్లో సైటు మూసేస్తారని సదయ్య హెచ్చరించాడు.

వసుధ తెర వైపు చూసింది. నేను ఆమె సంచిలోనే ఉన్నాను, ఆమె ఒళ్లో. ఊరుకుంటే చాలు, తాను పోలేని చోటికి నేస్తం కూడా పోదు. అలాంటి ఆలోచన రాలేదని నేను చెప్పను. వచ్చింది. వచ్చినా సంచి విప్పి, చున్నీలో చుట్టిన నా స్కేళ్లను తీసి, నవనీత సంచిలోంచి కడ్డీలు లాగి, రెండూ కలిపి రూపాయి బిళ్లతో స్క్రూ బిగించి కీబోర్డు పక్కన పెట్టింది.

"ఇగో, పూర్తయింది. పూర్తి డ్రాఫ్టర్ చేతిలున్నోళ్లు యూనివర్సిటీని ఎనక పెడితే దానికి కోపమొస్తది. సీనియర్లు చెప్పిండ్రు."

ఏ సీనియరూ అలా చెప్పలేదు. నా కోపం సంగతి నాకే తెలియదు. కానీ నవనీత నాకు దణ్ణం పెట్టుకుని, యూనివర్సిటీని మొదటి వరసకు తెచ్చింది. లెక్క చెబితే కదలని చెయ్యి స్క్రూ తిప్పితే కదిలింది. పని అయిపోయి బయటికి వచ్చాక వసుధ నన్ను నవనీత సంచిలో పెట్టింది. "నువ్వన్న పోవాలె నవనీ. ఇద్దరం ఇట్లనే ఆగిపోతే ఒకల మొఖం ఒకలం చూసుకుంట ఏడుస్తం" అంది.

నవనీతకు యూనివర్సిటీ సీటు వచ్చింది. ఆచారం ప్రకారం నా కోసం జూనియర్లు వరస కట్టారు. నవనీత ఆచారాన్ని పక్కన పెట్టి, ఒక ఆదివారం నన్ను కంపెనీ దగ్గర వసుధ గదికి తెచ్చి ఇచ్చింది. మళ్లీ ఈసెట్ రాయాలనీ, ఒకే బెంచీ కుదరకపోయినా ఒకే క్యాంటీన్లో టీ తాగాలనీ ప్రమాణం చేయించుకుంది. వసుధ పుస్తకాల మీద ప్రమాణం చేసింది, నా మీద చేయలేదు.

ఆ రోజునుంచి నాకు పసుపూ లేదు, కుంకుమా లేదు. వసుధ నా బిగింపును కిటికీ ఊచకు బిగించి, కడ్డీల మీద తడి తువ్వాలు ఆరేస్తుంది. ఎన్ని సీట్లు ఇప్పించిన చరిత్ర నాది! మొదట్లో ఉడుక్కున్నాను. తర్వాత గమనించాను. కంపెనీనుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చి, అన్నం ముందు పెట్టుకుని, ఒక చేత్తో కలుపుతూ ఇంకో చేత్తో పేజీలు తిప్పుతుంది. కిందటిసారి తనను ముంచిన లెక్కలనే ముందు తీస్తుంది. కునుకు వస్తే నా మీది తువ్వాలు లాగి మొహం తుడుచుకుంటుంది. ఇన్నేళ్లలో నేను ఒక చదువుకు సాయపడింది ఇదే మొదటిసారి.

ఈ పొద్దున్నే పరీక్ష. నవనీత ఫోన్ చేసి, డ్రాఫ్టర్ సంచిలో పెట్టుకున్నావా అని అడిగింది. వసుధ నా వైపు చూసి, "పెట్టుకున్ననే" అని చెప్పింది. తడి తువ్వాలు తెచ్చి నా మీద ఆరేసి, తలుపు తాళం వేసుకుని పోయింది.

ఆమెకు ఈసారి సీటు రావాలి. నాకు మహిమ అంటగట్టాక, మొక్కకుండా పరీక్షకు పోయిన మొదటి మనిషి ఆమె. ఇన్నేళ్లుగా నాకు మొక్కినవాళ్ల మొక్కులు నా దగ్గర ఆగలేదు, ఎటో పోయాయి. ఎటు పోయాయో తెలిస్తే బాగుండును. నేనూ ఒకటి మొక్కుకోవాలి.