బల్ల మధ్య తిరిగిన ఫోన్

విడాకులప్పుడు ఇల్లు అమ్మి చెరిసగం చేసుకున్నారు. కారు డెల్బర్ట్‌కి పోయింది, కుక్క లోర్నాకి పోయింది. పంచుకోలేనిది ఒక్కటే మిగిలింది, మా కొట్టులో శనివారం ఆట. పేకాట కాదు, మృగాలూ మంత్రాలూ ఉన్న బొమ్మ కార్డులతో ఒకరినొకరు కొట్టుకునే ఆట. మా ఊరు లా క్రాస్‌లో ఈ కార్డుల కొట్లు రెండే. రెండోది నది అవతల, అక్కడంతా మీసాలు రాని కుర్రాళ్లే. ఒకరున్న చోట ఇంకొకరు కూర్చోలేక ఇద్దరూ నన్ను వేపుకు తింటుంటే, "ఒక్క ఆట ఆడి తేల్చుకోండి. ఓడినవాళ్లు నది దాటండి" అన్నాను. నేను ఎగతాళికి అన్నాను. వాళ్లు నిజంగానే ఒప్పుకున్నారు.

లోర్నా లెక్క రాసుకునే యాప్ తెరిచి తన ఫోన్ బల్ల మధ్య పెట్టింది. కాగితం మీద రాసుకోండర్రా అని నోరు నొప్పెట్టేలా చెప్తాను, ఎవరు వింటారు? తెర రెండు సగాలుగా ఉంటుంది. ఎవరి అంకె వాళ్ల వైపు తిరిగి ఉంటుంది. ఇరవై ప్రాణాలతో మొదలుపెట్టి, దెబ్బ తగిలినప్పుడల్లా వేలితో తాకి తగ్గించుకుంటారు. సున్నాకి వస్తే పోయినట్టే.

డెల్బర్ట్ మూడుకి దిగాడు, లోర్నా పదకొండు మీదుంది. ఇంతలో ఫోన్‌లో ఛార్జి అయిపోవచ్చింది. నేనిచ్చిన వైరు డెల్బర్ట్ వైపు నుంచే అందుతుంది. అతను ఫోన్‌ని అటుది ఇటు తిప్పి వైరు గుచ్చాడు. గుచ్చుతూనే నోరు విప్పాడు.

"కుక్కకి తిండైనా పెడుతున్నావా?"

"నీకెందుకయ్యా? నీ పేరు చెప్తే అది చెవి కూడా కదపట్లేదు."

"అబద్ధం!"

"ఇంటికొచ్చి చూసుకో. ఓ, రాకూడదుగా!"

ఫోన్ తిరిగితే అంకెలూ తిరుగుతాయి: మూడు లోర్నా వైపుకి, పదకొండు డెల్బర్ట్ వైపుకి పోయాయి. రెండు సగాలూ ఒకేలా ఉంటాయి గనక చూడ్డానికి తేడా ఉండదు. డెల్బర్ట్‌కి లెక్క తలలో నిలవదు. ఇంటికి తాళం వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే రకం. లోర్నా అలా కాదు. ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది, చేతిలోని కార్డుల్లోకి తల దించుకుంది. ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అని నేను ఎదురుచూశాను.

డెల్బర్ట్ తన మృగాన్ని ముందుకి నెట్టాడు. అది తీసేది మూడు ప్రాణాలు. లోర్నా దేన్నీ అడ్డుపెట్టలేదు.

"నాకున్నవి మూడేగా. పోయాను," అని కార్డులు సర్దడం మొదలెట్టింది.

"గెలిచానా? మేవిస్, చూశావా?" అంటూ డెల్బర్ట్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

నాకు ఒళ్లు మండింది. "చూశాను. ఫోన్ తిప్పిందీ చూశాను. ఆ మూడూ నీవి, పదకొండు ఆమెవి. ఏం లోర్నా, నీకు తెలీదా? నా కొట్టులో కావాలని ఓడిపోవడం కూడా దొంగాటే."

లోర్నా మొహం కందగడ్డయింది. "నీ నోరు కాస్త మూసుకోవచ్చుగా మేవిస్! నాకు అక్క ఉంది, చర్చి ఉంది. ఈ మనిషికి ఈ బల్ల తప్ప ఏముంది? ఆ అద్దె గదిలో గోడలతో మాట్లాడతాడా?"

డెల్బర్ట్ ఫోన్ తన ముందుకి లాక్కున్నాడు. యాప్‌లో పాత అంకెలన్నీ వరసగా కనిపించే చోటు ఒకటుంది. అది తెరిచి, వేలు పెట్టి చదువుకున్నాడు. ఫోన్ మళ్లీ తిప్పి సరిగ్గా పెట్టాడు, అంకెలు సరిచేశాడు.

"పదకొండులో నా దెబ్బ మూడు పోతే నీకు ఎనిమిది. నాకు మూడు. నీ వంతు."

"వద్దు డెల్."

"నీ చేతిలో మూడు ప్రాణాలు తీసే నిప్పు కార్డు ఉంది. అది దాచేటప్పుడు నీ బొటనవేలు ఊరికే ఉండదు. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చున్నవాణ్ని, నాకు తెలీదా? వెయ్యి. నామీద జాలి మాత్రం పడకు."

లోర్నా కార్డు అంచుని బల్లకేసి రెండుసార్లు తట్టింది. ఆఖరికి కార్డు వేసింది. డెల్బర్ట్ తన అంకెని తనే సున్నాకి దించుకున్నాడు.

ఎంత తిట్టుకున్నా, ఆట అయ్యాక చేయి కలపాలి. మా దగ్గర అది తప్పదు. కోర్టులో పక్కపక్కన నిలబడని ఆ ఇద్దరూ బల్ల మీదుగా చేతులు చాచారు. "బాగా ఆడావు," అన్నాడు డెల్బర్ట్. లోర్నా ఆ చేయి పట్టుకుని వదల్లేదు, ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. చివరికి అతనే మెల్లగా వేళ్లు విడిపించుకుని, కార్డులు పెట్టెలో సర్దుకుని, "నది అవతల ఆ కుర్రాళ్ల పని పడతాను చూడండి," అని నవ్వబోయి వెళ్లిపోయాడు.

గెలిచిన మనిషి సాయంత్రం దాకా ఆ కుర్చీలోనే కూర్చుంది. ఎవరు పిలిచినా ఆడలేదు.