రెండో కంట్రోలర్ భయం

నేను ఒక గేమ్ కంట్రోలర్‌ని. జతలో రెండోదాన్ని. ఆటలో దెబ్బ తగిలినప్పుడు పట్టుకున్నవాళ్ళ చేతిలో గజగజలాడాలని ఫ్యాక్టరీలో నా కడుపులో చిన్న మోటార్లు బిగించారు. ఆట లేనప్పుడు కూడా నాకు భయమేనని వాళ్ళకు తెలియదు.

నా మొదటి యజమాని హైదరాబాదు హాస్టల్లో ఉండేవాడు. తెరమీది రాక్షసుడి చేతిలో ఓడితే నన్ను గోడకేసి కొట్టేవాడు. అప్పటినుంచి నా ఎడమ మీట పక్కకు లాగుతుంది. పాత సామాన్ల కొట్లో కొన్నాళ్ళు దుమ్ములో పడి ఉండి, కాకినాడలో ఫణీంద్ర ఇంటికి చేరాను. ఇద్దరు కలిసి పోరాడే ఆట ఒకటి కొని, ఆయన త్వరలోనే విసిగిపోయాడు. ఆయన భార్య వరూధినికి, తోడికోడలు కామేశ్వరికి మాత్రం మధ్యాహ్నం వంటిల్లు సర్దాక అదే లోకమైంది. కామేశ్వరి నన్ను కళ్ళకద్దుకుని మరీ పట్టుకుంటుంది. అంత మర్యాద నాకు ఎవరూ చేయలేదు.

ఆ ఆటలో ఒక మంచి ఉంది. ఒకరిని వదిలి ఇంకొకరు ముందుకు పోలేరు. ఒకరు పడిపోతే రెండోవారు పక్కన చేరి, బటన్ నొక్కిపట్టి ఊపిరి పోయాలి. చెడూ ఉంది. నిధి ముందు తీసినవాళ్ళదే కాబట్టి, ఇంట్లో ఒకే పళ్ళెంలో తినే ఇద్దరూ తెరమీది ఉత్తుత్తి గాజుల కోసం అలుగుతారు. పైగా ముందుకు పోవడానికి దారి ఎప్పుడూ ఒక్కటే.

ఫణీంద్ర ముందే చెప్పేశాడు. “ఇది అయిపోగానే కొట్లో ఇచ్చేసి, ఒక్కరే ఆడేది తెస్తాను. ఆ రెండోది పాత ఇనుముకి పడేద్దాం.”

అది విన్నప్పటినుంచి వాళ్ళు గెలిచిన ప్రతిసారీ నాకు గుండె జారేది.

చివరి ఘట్టం వచ్చింది. పాడుబడ్డ గుడి. అమ్మవారి కిరీటాన్ని ఇద్దరూ కలిసి ఎత్తితే ఆట ముగుస్తుంది.

“నొక్కక్కా,” అంది వరూధిని.

“అమ్మవారి నగ ఎత్తుకుపోవడమేంటమ్మాయ్? నా వల్ల కాదు.”

“అది బొమ్మే కదా.”

“పొద్దున్న మనం దణ్ణం పెట్టింది మాత్రం బొమ్మకి కాదటే?”

ఈ వాదన తేలేలోపు రాతి భటుడొకడు వచ్చి తెరమీద వరూధిని ఆడే బొమ్మను పడగొట్టాడు.

“చూశావా, నీ భక్తికి నేను పోయాను.”

కామేశ్వరి పరుగెత్తింది. నా మీట ఆమెను గుడి పక్కనున్న అగాధం వైపు లాగింది. నేను వణికిపోయాను. ఆమె బొటనవేలు మాత్రం అదరకుండా నన్ను ఇటు తిప్పింది.

“లే తల్లీ. నిన్నొదిలి ఎక్కడికి పోతాను,” అంటూ ఊపిరి పోసింది.

వరూధిని లేచింది. కిరీటం వైపు చూసి నవ్వేసింది. “సర్లే, పద. వెనక్కి పోదాం.”

సాయంత్రం ఫణీంద్ర అడిగాడు, ఆట అయిపోయిందా అని.

“ఇంకా లేదండి,” అంది వరూధిని, చిక్కుడుకాయలు ఒలుస్తూ. కామేశ్వరి ఇంకో కాయ అందుకుంది.

ఇప్పుడు రోజూ ఆ గుడిదాకా వెళ్ళి, తిరిగి వస్తున్నారు. కిరీటం వద్దనే మనిషి కూడా ఒకరుంటారని ఆట తయారుచేసినవాళ్ళకు తోచినట్టు లేదు. ఆ లోపం వల్లే బతికి ఉన్నాను. ఇది దైవకృపో, తయారుచేసినవాళ్ళ ఏమరుపాటో నాకు తెలియదు.

నిన్న వరూధిని కిరీటం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడింది. “వెనక్కి పద” అని కామేశ్వరి ఈసారి అనలేదు.