నిలువునా చిన్నబోయిన బాబురావు

పొద్దున్నే సున్నం బకెట్టు, కుంచె అందుకుని బాబురావు బయల్దేరేవేళకి భార్య లీలమ్మ లోపలినుంచి అడిగేది. "పెద్ద అంగీనా, చిన్న అంగీనా?"

హుస్సేనీ ఆలంలో ఇళ్లకు సున్నాలు వేయడం బాబురావు పని. నలుగురిలో మాటపడితే ఎవరైనా చిన్నబోతారు. వాళ్లది మొహం వరకే. బాబురావు నిలువునా చిన్నబోయేవాడు. ఏ ఇంటాయనో గోడమీద చారలు చూపించి కసిరితే, నిచ్చెన మీదున్నవాడికి అప్పటిదాకా అందిన దూలం అందకుండా పోయేది. నీళ్ల పంపు దగ్గర ఎవరన్నా ఎకసెక్కమాడితే ప్యాంటు కాళ్ల కింద పడేది. ఇంటికొచ్చి ఇంత తిని, కూతురు రాహేలుతో నాలుగు మాటలు మాట్లాడితే మళ్లీ ఎప్పటంత అయ్యేవాడు. గల్లీలో దీన్ని వింతగా చెప్పుకున్నవాళ్లు లేరు. దర్జీ ఎల్లప్ప అతని బట్టలకు మడతలు కాస్త ఎక్కువ వదిలి కుట్టేవాడు, అంతే.

బాబురావు భయమల్లా ఒక్కటే. తన చిన్నతనం బిడ్డకు అంటుకుంటుందేమో. ఆదివారం చర్చినుంచి రాగానే రాహేలును తలుపుకు ఆనించి నిలబెట్టి, తలదగ్గర బొగ్గుతో గీత గీసేవాడు. ఆమె చదువు ముగించి, పురానాపూల్ దగ్గర పాత హవేలీలో ఉన్న సర్కారు దఫ్తర్‌లో టైపిస్టుగా చేరాక కూడా మానలేదు.

"ఇగ నేను పెరుగ బాపూ," అని నవ్వేది రాహేలు.

"పెరుగకున్నా మంచిదే బిడ్డా. తరుగకుంటే సాలు."

డెబ్బై తొమ్మిదిలో ఒక సాయంత్రం, అన్నాల దగ్గర రాహేలు మొహం వెలిగిపోతూ అంది. "బాపూ, మా దఫ్తర్‌ల కంప్యూటర్ వస్తున్నది. గింతమంది టైపిస్టులల్ల నన్నే తీసుకుంటమన్నరు!"

బాబురావు చేతిలో ముద్ద ఆగిపోయింది. "కంపౌండర్‌కా?"

"ఆ, నన్నే!" తన సంబరంలో ఆమె తండ్రి అన్న మాట సరిగా వినలేదు.

బాబురావుకు తెలిసిన కంపౌండర్ వైకుంఠం ఒక్కడే. గల్లీ చివర డాక్టరు దగ్గర సీసాల్లో ఎర్రమందు కలుపుతాడు, గడ్డలు పిండి కట్లు కడతాడు, వచ్చినవాళ్ల తిట్లన్నీ తింటాడు. రాహేలు చూస్తే క్రిస్మస్‌కు కోడిని కోస్తుంటేనే కళ్లు తిరిగి పడే పిల్ల. సర్కారు దఫ్తర్‌లో కంపౌండర్ ఎందుకని అడుగుదామనుకున్నాడు. "గిది గూడ తెల్వదా బాపూ" అంటుందేమోనని నోరు రాలేదు. ఆ అడగని మాటే కొంప ముంచింది.

మర్నాడు ఉతికిన అంగీ తొడుక్కుని దఫ్తర్‌కు వెళ్లి, మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, రాహేలు తండ్రిని. గా కొత్త పనికి నా బిడ్డ వద్దు సార్. మీకు పుణ్యముంటది."

కొత్త యంత్రమంటే భయపడే తండ్రులను మేనేజరు అప్పటికే చూసి ఉన్నాడు. "నీ ఇష్టమయ్యా. తర్వాత మళ్లీ వచ్చి ఏడవకు," అని అక్కడికక్కడే పై ఆఫీసుకు ఫోన్ చేసి రాహేలు బదులు ఇంకో అమ్మాయి పేరు చెప్పేశాడు.

బాబురావు కళ్లలో నీళ్లు తిరిగాయి. "సల్లగుండు సార్. సూదులు, కట్లు అంటే నా బిడ్డకు మస్తు భయం."

"సూదులేమిటి?"

"కంపౌండర్ పని గద సార్?"

దఫ్తరంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "రాహేలూ, ఒక సీసా ఎర్రమందు టైప్ చేసియ్యమ్మా!" అన్నాడు ఒక గుమాస్తా. ఇంకొకడు "అరే, ఎవరీ ముసలాయన?" అని అడిగాడు. కిటికీ పక్కన కూర్చున్న రాహేలు తల ఎత్తలేదు. ఆమె వేళ్లు మిషన్ మీద ఆగకుండా టకటకలాడుతూనే ఉన్నాయి.

అది చూశాడు బాబురావు. నడుము మేజాబల్ల అంచు కిందికి దిగింది, తర్వాత భుజాలు, తర్వాత తల. "జర మళ్ల ఫోన్ చెయ్యి సార్," అన్న గొంతు కిందెక్కడినుంచో వచ్చింది.

"ఇప్పుడన్న మాట ఇప్పుడే మారిస్తే నా పరువేం కాను?" అన్నాడు మేనేజరు.

సాయంత్రం రాహేలు తండ్రిని టిఫిన్ సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచింది. దారి పొడుగునా సంచిలో ఆయనకు ఆమె చెప్పుల చప్పుడు మాత్రం వినిపించింది.

ఈసారి అన్నం తిన్నా పెరగలేదు. రాహేలు మాట్లాడటం మానేసింది మరి. లీలమ్మ పాత అంగీ చేతిని కత్తిరించి ఆయనకు చొక్కా కుట్టింది. "ఏందయ్యా, బిడ్డ నోటికాడి కూడు తీసి ఇంట్ల ముడుచుకుని కూసుంటివి," అని ఒక్కసారి అనబోయి, మొహం చూసి ఊరుకుంది. బకెట్టులో సున్నం ఎండి పగుళ్లిచ్చింది.

కంప్యూటర్ వచ్చింది. దాన్ని ఒక చల్లటి గదిలో పెట్టి, చెప్పులు విడిచి లోపలికి రావాలన్నారు. టైపిస్టులు కూర్చునే గదికి అక్కడినుంచి తీగ లాగాలి. మధ్యలో నిజాం కాలంనాటి మందపాటి రాతి గోడ. పగలగొడితే కప్పు కూలుతుంది. గోడ అడుగున మురుగునీళ్లు పోయే ఒక పాత మోరీ ఉంది గానీ, అది మధ్యలో వంపు తిరిగింది. ఎన్ని వెదురుకర్రలు దూర్చినా వంపు దగ్గర తట్టుకుని ఆగిపోయాయి. అంత ఖరీదు యంత్రమూ మూగగా కూర్చుంది.

ఆ రోజు రాహేలు ఇంటికొచ్చి తండ్రి ముందు గొంతుకూర్చుంది.

"బాపూ."

ఎన్నాళ్లకో విన్న పిలుపు. ఆయన జానెడు పెరిగాడు.

"ఇప్పుడే పెరుగకు బాపూ, నీ కాళ్లు మొక్కుత," అంది ఆమె కంగారుగా. తర్వాత మోరీ సంగతంతా చెప్పింది.

మర్నాడు దఫ్తర్ మళ్లీ నవ్వడానికి సిద్ధంగా ఉంది. నడుముకు తాడు కట్టుకుని బాబురావు మోరీలోకి పాకాడు. వంపు దగ్గరికి చేరాడో లేదో, పైన గుమాస్తా గొంతు. "ఎవరమ్మా లోపల, ఆ కంపౌండర్ సాబేనా?"

"మా బాపు," అంది రాహేలు. అందరికీ వినబడేంత గట్టిగా అంది. "మా బాపు పోయిండు లోపటికి."

మోరీలో బాబురావు గుండె ఉప్పొంగింది. గుండెతోపాటు భుజాలూ పెరిగాయి. రాళ్లు రెండు పక్కలా పట్టేశాయి. ఊపిరాడలేదు. ఇంకాస్త సంతోషపడితే అక్కడే సమాధి.

అప్పుడు బాబురావు తన సిగ్గులన్నీ ఒక్కొక్కటే పిలుచుకున్నాడు. గోడమీద చారలు. పంపు దగ్గరి నవ్వులు. నోటిదాకా వచ్చి అడగని మాట. భుజాలు కొంచెం వదులయ్యాయి గానీ చాలలేదు. చివరికి, ఎన్నడూ తలుచుకోకూడదనుకున్నదాన్ని తలుచుకున్నాడు. తన బిడ్డ తల వంచుకుని, ఎవరో ఏమో అన్నట్టు టైపు కొట్టుకుంటూ పోయిన ఆ చప్పుడు. గుప్పెడంత అయిపోయాడు. ఏడుస్తూనే వంపు దాటాడు.

అవతలి గదిలో తలనిండా బూజుతో బయటికి రాగానే, తాడుకు కట్టిన తీగ వెనకే వచ్చింది.

మేనేజరు వంగి అడిగాడు. "ఏం కావాలయ్యా నీకు?"

"నాకేమొద్దు సార్. ఆనాడు నేనన్న మాట నాకు వాపస్ ఇయ్యుండ్రి."

ఎవరూ నవ్వలేదు. మేనేజరు కోటు చేతులు వేళ్లమీదికి కొంచెం జారాయి. వాటిని పైకి లాక్కుంటూ, "ఇంకో కుర్చీ వేయించండి," అన్నాడు. రాహేలు గుమ్మం బయట చెప్పులు విడిచి ఆ చల్లటి గదిలోకి నడిచింది.

బాబురావు మళ్లీ ఎప్పటంత అయ్యాడు. బిడ్డ జీతంతో ఇల్లు నిలదొక్కుకుంది. ఆ పేరే ఎరుగని గల్లీలో అందరికీ కంప్యూటర్ మీద మనసు పడింది. అది ఎట్లుంటదని బాబురావునే అడిగేవాళ్లు. "కింద పాకినప్పుడు ఇన్న. తేనెపట్టు లెక్క గుయ్యిమంటది," అనేవాడు ఆయన.

ఒకనాడు వైకుంఠం తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. "అన్నా, మా పిల్లను గూడ జర గా కంపౌండర్‌ల..." అలవాటైన మాట జారింది. అరుగుమీది వాళ్లు కిసుక్కున నవ్వారు. వైకుంఠం మొహం ఎర్రబడింది. కూతురు తల దించుకుని గోడవైపు తిరిగింది.

"కూసో వైకుంఠం," అన్నాడు బాబురావు గబుక్కున, అందరికీ వినబడేలా. "నాకు గూడ మొదట్ల గట్లనే ఇనబడ్డది. గా ఒక్క మాటకు నా బిడ్డ బతుకే ఆగం జేసినంత పని జేసిన. ఇను, చెప్త."

చెబుతూ చెబుతూ అలవాటుకొద్దీ తన చేతులవైపు చూసుకున్నాడు. లోపలినుంచి లీలమ్మ కూడా చిన్న అంగీ పట్టుకుని గడపలోకి వచ్చి నిలబడింది.

అంగీ చేతులు మణికట్టు దగ్గరే ఉన్నాయి.