పెచ్చుల గోడ

టైర్ల కొట్టుకు కొత్త బోర్డు కట్టారు. దాని కిందికొచ్చిన బుల్లి తలెత్తి, ఒక్కో అక్షరాన్నీ రెండేసిసార్లు చూసింది. ఆ అక్షరాలు తనవి. తలకట్లన్నీ లావుగా మొదలై, చివరికొచ్చేసరికి ఎండిన పెచ్చులా పైకి లేచి ఉన్నాయి. అలాంటి తలకట్టు లోకం మొత్తానికి తన బల్ల మీద తప్ప లేదని ఇన్నాళ్లూ మురిసిపోయింది.

"ఎవరు గీశారన్నా?" అంది.

"ఇంకెవరమ్మా, మీ బావే. ఇంట్లో మనిషివి, నీకు చెప్పలేదూ?" అన్నాడు కొట్టువాడు ట్యూబులోకి గాలి కొడుతూ.

చెప్పలేదు. అదే కదా మంట.

బుల్లి పని అక్షరాలకు రూపు గీసి కంప్యూటర్లోకి ఎక్కించడం. బస్సులు ఆగేచోట పెట్టే బోర్డులకు కొత్త అక్షరాలు కావాలని బస్సుల సంస్థవాళ్లు అడిగారు. వాళ్ల షరతొకటే. ఆ అక్షరాలు అంతకుముందు ఎక్కడా వాడి ఉండకూడదు, వాడి ఉంటే గీసినవాళ్లే వాడి ఉండాలి. దానికోసం ఆమె ఊరంతా తడిమింది. షట్టర్ల తుప్పు, కాలువ మూతల మీది గళ్లు, బస్సు మెట్ల అరుగుదల, దేన్నీ వదల్లేదు. చివరికి డిపో వెనక గోడ దగ్గర కాలు నిలిచింది. పగిలిన గొట్టంలోంచి ఏళ్లుగా నీళ్లు కారి, అక్కడ సున్నం ఉబ్బి పెచ్చులు లేచింది. పల్చటి కాగితం ఆనించి బొగ్గుతో రుద్దితే ఆ అంచులన్నీ దిగుతాయి. వాటినే కొమ్ముగా, గుడిగా, దీర్ఘంగా మలుచుకుంది.

ఇల్లు అక్కది. ముందుగదిలో ఒక పక్క ఈమె బల్ల, ఇంకో పక్క కొట్ల బోర్డులు గీసే బావ బల్ల. ఈమధ్య బుల్లి గుమ్మంలోకి వస్తే చాలు, బావ గబుక్కున కాగితాలు చుట్టి ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేస్తున్నాడు. అప్పుడు నవ్వుకుంది. ఇప్పుడు ఆ తాళం చప్పుడు చెవిలో గింగురుమంది.

వంటింట్లోకి వెళ్లి, బావ తన అక్షరాలు కాజేశాడని అక్క చెవిలో ఊదింది.

అక్క ఉల్లిపాయలు తరగడం ఆపింది. "నా మొగుడికి బద్ధకముంది, గురకుంది. దొంగబుద్ధి మాత్రం లేదే."

"మరి ఆ బోర్డు?"

"రుజువు తెచ్చి నా ముందు పెట్టు. ఆయన బల్లను నేనే వీధిలో పడేస్తా. తేలేకపోయావో, నీ బల్లే."

ముల్లును ముల్లుతోనే తియ్యాలనుకుంది బుల్లి. గోడ కింది మూలలో 'మ' తోకలాంటి పెచ్చు ఒకటుంది. దాన్ని రుద్దుకొచ్చి 'మ' గీసింది. పొట్ట దగ్గర ఎలుక కొరికినట్టు ఓ నొక్కు పెట్టింది. ఆ నొక్కు గోడ మీద లేదు, అంతా ఆమె బుర్రలో పుట్టిందే. అది బావ బోర్డు మీద కనబడితే రుజువు దొరికినట్టే. కాగితాన్ని బల్ల మీద వదిలేసి, "సబ్బు కొనుక్కొస్తా" అని గట్టిగా చెప్పి మరీ బయటికెళ్లింది.

వారం తిరక్కుండానే మందుల కొట్టు మీద బావ బోర్డు లేచింది. మొదటి అక్షరం 'మ'. తోక అదే. నొక్కు మాత్రం లేదు.

'చెరిపేశాడు! గడుసుపిండం,' అనుకుంది. అనుకుంటూనే ఇంకొంచెం దగ్గరికెళ్లింది. తోక ఎడమ కొసన చిన్న మొటిమ. అది తను గీసిన దాంట్లో లేదు. నొక్కును చెరిపిన దొంగ మొటిమను ఎక్కణ్ణుంచి తెచ్చాడు?

నేరుగా గోడ దగ్గరికి వెళ్లింది. కింది మూలను వేలితో తడిమితే తగిలింది. పెచ్చు కొసన గులకరాయి ఒకటి సున్నంలోంచి తల బయటపెట్టి ఉంది. ఇన్నిసార్లు రుద్దినా కాగితం మీద పడలేదేం? కాగితం తీసి, ఎప్పటిలాగే ఎడమ బొటనవేలితో నొక్కి పట్టింది. వేలు సరిగ్గా ఆ రాయి మీదే ఆనింది.

బావది ఎడమచేతి వాటం. కాగితాన్ని కుడిచేత్తో పడతాడు. ఆ పక్కనే గోడ మీద బొగ్గు మరకలున్నాయి, ఆమె వేళ్లకు రెట్టింపు లావున్న వేళ్లవి.

ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది. బావ కాగితం చుట్టబోయాడు.

"దాచకు బావా. డిపో గోడేగా?"

బావ మొహం మాడిపోయింది. "నువ్వు నా వెనకాలే వస్తున్నావని ముందే అనుకున్నా! నీ బల్ల మీద ఆ తలకట్టు చూసినరోజు నుంచీ పెట్టెకు తాళం వేస్తున్నా."

"నేనా నీ వెనకాల? నేను నిన్ను దొంగవని అక్కకు చెప్పానయ్యా!"

"నేనూ నిన్ను అదే అన్నా, మీ అక్కతోనే."

ఇద్దరూ వంటింటి వైపు తిరిగారు. అక్క కత్తి పట్టుకుని గుమ్మంలోనే ఉంది. "ఇద్దరికీ ఒకటే చెప్పా, రుజువు తెమ్మని. ఏ బల్లను విసిరెయ్యాలో తేల్చండి, చేతులు దురద పెడుతున్నాయి."

బుల్లి కూలబడింది. రెండు బోర్డులు వీధికెక్కేశాయి. ఇప్పుడు సంస్థకు పంపితే తనే దొంగ అవుతుంది.

"గీసినవాళ్లే వాడితే ఫర్లేదన్నారుగా," అంది అక్క. "రెండు పేర్లూ రాసి తగలెయ్యండి."

చచ్చినట్టు ఒప్పుకున్నారు. ముందు ఎవరి పేరు రాయాలన్న దగ్గర మళ్లీ లేచారు. గోడను ముందు చూసింది నేనంటే నేనన్నారు. అక్క కలం లాక్కుని వయసు లెక్కన రాసి మడిచింది. మొటిమ ఉంచి, నొక్కు తీసేసి పంపారు.

సాయంత్రం బావ మెత్తగా అడిగాడు, "ఇక మనం ఒకటేగా మరదలా. తర్వాత ఏ చోటు చూశావేంటి?"

"ఇంకా ఎక్కడా చూళ్లేదు బావా. నువ్వో?"

"నేనెక్కడ చూస్తాను, తీరికేదీ?"

బుల్లి అతని వేళ్లకేసి చూసింది. గోళ్ల సందుల్లో ఎర్రటి తుప్పు. సంచిని మెల్లగా ఒడిలోకి లాక్కుంది. పాత సినిమా హాలు షట్టరు మీద పొద్దున రుద్దిన కాగితం అందులోనే ఉంది. దాని అంచుల నిండా అదే తుప్పు.