బొట్టు పెట్టిన రాజు

ఈ దేశంలో నోటు చెల్లకుండా పోయిన రోజున దాన్ని తెచ్చిన మనిషి కూడా చెల్లకుండా పోతాడు. నా నోటు గడువు ఈ మధ్యాహ్నం మూడింటికి తీరుతుంది. ఇప్పుడు రెండూ పది. నా ఎడమ చెయ్యి అప్పుడే మోచేతి దాకా కాగితమైంది.

నోట్లు మార్చే హాలు స్టేషన్ వెనక ఉంది. దాని తలుపు నా చేతికి కదలదు. లోపలి నుంచి వస్తున్న ఒకామె నా కోసం తలుపు తెరిచి పట్టుకుంటుంది. ఆ పాటి చేసేవాళ్లు ఇక్కడా ఉన్నారు.

వరసలో నా ముందున్నాయన తెనాలి నుంచి వచ్చిన సాంబమూర్తి. ఆయనవి పాత నాణేలు. మోకాళ్లు ఇత్తడిగా మారి, అడుగు తీసి వేసినప్పుడల్లా మోగుతున్నాయి.

"నోటా, చిల్లరా మాస్టారూ?" అంటాడు.

"ఒకటే నోటు."

"అదృష్టవంతులు. కాగితమైతే మోసుకోవడం తేలిక. నన్ను చూడండి, ఈ బరువుకి ప్యాంటు నిలవట్లేదు."

నేను నవ్వుతాను. నవ్వు కాగితంలా గరగరా చప్పుడు చేస్తుంది. భయమేసి ఆపేస్తాను.

ఇరవయ్యేళ్ల కిందట హైమవతీ నేనూ ఈ దేశం వచ్చాం. ఇక్కడి నదిలో పడవెక్కాలని ఆమె కోరిక. అప్పుడు కుదరలేదు. మళ్లీ వచ్చినప్పుడు ఎక్కుదామని ఒక నోటు దాచింది. శ్రావణ శుక్రవారం దాన్ని కలశం పక్కన పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, నోటు మీది గడ్డపు రాజు నుదుట కుంకుమ పెట్టింది. "ఎవరి రాజైతేనేం, ఇంటికొచ్చాడుగా" అంది. ఆమె పోయి నాలుగేళ్లు. ఆ పడవ ఎక్కుదామనే నేనొక్కణ్ణీ వచ్చాను.

సాంబమూర్తి నాణేలు కిటికీలోకి వెళ్లిపోతాయి. ఆయన ప్యాంటు ఎత్తి చూసుకుంటే మోకాళ్లకు వెంట్రుకలు తిరిగి మొలుస్తున్నాయి. అయినా వెళ్లడు, నా పక్కనే నిలబడతాడు.

కిటికీ వెనక అమ్మాయికి ముప్ఫయ్యేళ్లుంటాయి. రాజమండ్రి మాట. ఆ అమ్మాయి నా నోటు పెడితే యంత్రం మూడుసార్లు బయటికి నెట్టేస్తుంది.

"ఈయనకి బొట్టెవరు పెట్టారు బాబాయి గారూ?"

"మా ఆవిడమ్మా."

"అదీ సంగతి. బొట్టు పెట్టి పిలిచాక ఈయన మీ ఇంటి పేరంటానికొచ్చినట్టేగా. పిలిచినావిడే తాంబూలం ఇచ్చి పంపాలండీ. మధ్యలో మేమెలా లాక్కుంటాం?"

"ఆమె లేదమ్మా."

ఆ అమ్మాయి కళ్లు దించుకుంటుంది. నోటునూ, వేళ్లు తడుపుకునే స్పాంజినీ నా వైపు జరుపుతుంది. "అయితే మీరే తుడిచెయ్యండి. తుడిస్తే ఇంకెవరింటి మనిషీ కాదు. మూడు లోపల కానివ్వండి బాబాయి గారూ, తర్వాత నా చేతుల్లో ఏం ఉండదు."

పావు తక్కువ మూడు. కాగితం నా మెడ దాకా వచ్చింది. ఊపిరి తీస్తే ఛాతీ ముడతలు పడుతుంది.

నోటు మీది రాజు గడ్డానికి చెమట పట్టింది. నాకంటే ఆయనే ఎక్కువ భయపడుతున్నాడు. "ఆవిడ నాకు పూర్ణం బూరెలు పెట్టింది" అంటాడు, సన్నగా.

"తుడవండి మాస్టారూ!" సాంబమూర్తి అరుస్తాడు. "మీకు ఆయనేమవుతాడు? మా ఆవిడ, కట్టుకున్న మొగుణ్ణి, నన్నే ఒక్కనాడూ పిలిచి పీట వెయ్యలేదు. కాగితం మీద చుక్క కోసం ప్రాణం పోగొట్టుకుంటారా?"

స్పాంజి ఎత్తుతాను. కుంకుమ చుక్కలో సన్నని వంపు గీతలున్నాయి. హైమవతి వేలి గీతలు. చూద్దామన్నా అవి లోకంలో ఇంకెక్కడా లేవు. ఆమెను పంపించిన రోజున ఆమె నుదుటి బొట్టు ఎవరూ తుడవలేదు.

"నా వల్ల కాదమ్మా" అని స్పాంజి కింద పెడతాను.

నిర్ణయించుకున్నాక భయం పోతుందనుకున్నాను. పోలేదు. ఇంకా పెరిగింది.

మూడు కొడుతుంది. సాంబమూర్తి మొహం తిప్పుకుంటాడు. ఆ అమ్మాయి బయటికొచ్చి, మడత మొహం మీద పడకుండా చూసుకుంటూ నన్ను నడుము దగ్గర మడుస్తుంది. రాజును నా చొక్కా జేబులో పెడుతుంది. "నొప్పుండదు బాబాయి గారూ. కాస్త చలేస్తుంది, అంతే." సొరుగు లాగి నన్ను లోపల వేస్తుంది.

సొరుగులో ఎండ కాస్తోంది. చూపు ఆనినంత మేర నీలం గడ్డి. దాని మీద చెల్లని మనుషులు పరిచి ఉన్నారు, గాలికి అంచులు లేస్తున్నాయి. కాగితాలు తినే ఆవు ఒకటి తీరిగ్గా నా దగ్గరికొచ్చి ఆగుతుంది.

"పాదాల నుంచాండీ, తల నుంచా?"

"ఆలోచించుకోనివ్వమ్మా" అంటాను.

"అలాగే" అని అది నోరు తెరిచి ఎదురుచూస్తుంది. లోపల పళ్లు లేవు. పళ్లుండాల్సిన చోట రెండు వరసల తెల్ల బెంచీలు. వాటి నిండా మనుషులు కూర్చుని విసనకర్రలతో విసురుకుంటున్నారు. నన్ను చూసి, నాకు చోటిస్తూ అందరూ ఒకేసారి కొంచెం పక్కకు జరుగుతారు.