వీరవేణి మణికట్టు మీద నల్ల ముడి

నేను ఒక నల్ల నైలాను దారం ముక్కని. ఆస్పత్రిలో నన్ను కుట్టు అంటారు. చీర అంచుకి పడిన కుట్టైతే ఏళ్ల తరబడి బతుకుతుంది, నాలుగు పెళ్లిళ్లు చూస్తుంది. నాకు ఆ యోగం లేదు. మనిషి ఒంటి మీద తెగిన రెండు అంచుల్ని పట్టుకోవడం, అవి ఒకటయ్యేదాకా నిలబడటం, ఆ తర్వాత చెత్తబుట్టలోకి పోవడం, ఇంతే నా ఉద్యోగం. పట్టుకోవడం కూడా ఒక పనేనా అనేవాళ్లు ఒక్క పూట పట్టుకుని చూడాలి.

ఎక్కడో ఫ్యాక్టరీలో నన్ను సాగదీసి, రంగు వేసి, వంకర సూదికి తగిలించి, కవరులో పెట్టి అంటించారు. జన్మలో నేను విశ్రాంతిగా ఉన్నది ఆ కవరులోనే. గోదావరి లంకల దగ్గర ఒక చిన్న ఆస్పత్రిలో డాక్టరుగారు దాన్ని చింపారు. వీరవేణి కుడి మణికట్టు మీద గడ్డ తీసిన చోట నన్ను ముక్కలు చేసి ముడులు వేశారు. మధ్య ముడిని నేను.

వీరవేణి పూతరేకులు చేస్తుంది. బోర్లించిన కుండ కింద మంట. బియ్యప్పిండి పాలలో ముంచిన పల్చటి గుడ్డని ఆ కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు పడుతుంది. ఆ లాగు అంతా మణికట్టులోనే ఉంది. అందుకే బల్ల మీద పడుకుని కూడా ఆవిడ గడ్డ గురించి అడగలేదు.

"చెయ్యి మునపట్లా తిరుగుద్దాండీ?" అంది.

"కుట్లు తీసేదాకా తడపకుండా, పని చెయ్యకుండా ఉంటే తిరుగుద్ది," అంది మేరీరత్నం సిస్టరు కట్టు కడుతూ.

ఉంటే! మనుషులకి ఆ ఒక్క మాటే వినపడదు.

ఇంటికి వెళ్లగానే అత్తగారు అచ్చియ్యమ్మ పత్యం మొదలుపెట్టింది. పప్పు వద్దు, గుడ్డు వద్దు, చేప వాసనైనా వద్దు, చీము పడుతుందిట. ఉత్త వెల్లుల్లి కారం అన్నమే. ఎడమ చేత్తో తింటే ఒప్పుకోదు కాబట్టి, ముద్దలు కలిపి తనే కోడలి నోట్లో పెట్టేది. పెళ్లైన ఇన్నేళ్లలో కోడల్ని ఒక్క మంచిమాట అనని మనిషి! అంతటితో ఆగితే బాగుండేది. రోజూ కట్టు విప్పి నా మీద పసుపూ నూనే దట్టంగా పట్టించి మళ్లీ కట్టేది. ప్రేమతోనే, కాదనను. ఆ ప్రేమ కింద నేను నానిపోయాను. చర్మం మెత్తబడింది. తిండి లేని ఒంట్లో అంచులు కలవం అంటే కలవం అన్నాయి. పట్టుకుని పట్టుకుని నాకు విసుగొచ్చింది.

కోడలి బదులు అచ్చియ్యమ్మే కుండ దగ్గర కూర్చునేది. ఒకప్పుడు ఆవిడ లాగిన రేకు అడ్డం పెట్టుకుంటే అవతలి మనిషి మొహం కనపడేదిట. ఇప్పుడు చెయ్యి వణికి, పడిన ప్రతి రేకూ చిరుగుతోంది. చూసి చూసి వీరవేణి, "లే అత్తా, ఒక్కటి లాగుతాను," అని గుడ్డ అందుకుంది. ఒక్క లాగు. నా పక్క ముడి చర్మాన్ని కోసుకుంటూ ఊడిపోయింది. నెత్తురు కారింది. ఆ రేకూ చిరిగింది. నేను మాత్రం వదల్లేదు. అదేమీ నా గొప్ప కాదు, నా ముడి అలా పడింది.

మళ్లీ ఆస్పత్రికి వెళ్తే, సిస్టరు కట్టు విప్పి నోరెళ్లబెట్టింది. "ఇదేంటమ్మా, ఊరగాయ పెట్టారా?"

"చీము పట్టకుండానండి," అంది అచ్చియ్యమ్మ. "పప్పు కూడా పెట్టలేదండి, ఒట్టు."

"పెట్టకే ఇలాగైంది! తినకపోతే పుండు దేంతో పూడుద్ది? పప్పు పెట్టు, గుడ్డు పెట్టు, చేప పెట్టు. కట్టు జోలికి మాత్రం రామాకు."

ఆ మధ్యాహ్నం అచ్చియ్యమ్మ గుడ్డు ముక్క పట్టుకుని, విషం పెడుతున్నట్టు కళ్లు మూసుకుంది. వీరవేణి నములుతూనే ఏడ్చేసింది. "ఈ చెయ్యి పోతే నేనేం చెయ్యాలత్తా?" అచ్చియ్యమ్మ ఇంకో ముద్ద పెట్టింది.

ఆ తర్వాత కట్టు పొడిగా ఉంది. లోపల ఏదో మెల్లగా అల్లుకుంటూ వచ్చింది. చివరికి నేను పట్టుకోవాల్సిందేమీ మిగల్లేదు. నిజం చెప్పాలంటే సంతోషం కంటే అలసటే ఎక్కువ తెలిసింది.

కుట్లు తీసిన రోజు సిస్టరు నన్ను కత్తిరించి, లాగి, బుట్టలోకి విసిరింది. నేను బుట్ట అంచుకి అతుక్కున్నాను. ఇంకాసేపట్లో ఎవరో వచ్చి సంచి మూతి కడతారు.

"ఏదీ, చెయ్యి తిప్పు," అంది సిస్టరు.

వీరవేణి తిప్పలేదు. బల్ల మీది ఖాళీ ట్రే తీసి బోర్లించింది. కట్టుగుడ్డ ముక్క ఒకటి నీళ్లలో ముంచి పిండింది. గుడ్డ స్టీలు మీద ఒక్క లాగున జారింది. నొప్పికి వీరవేణి పెదవి కొరుక్కుంది కానీ చెయ్యి ఆగలేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పల్చటి తడి పరుచుకుంది. పిండి లేదు, మంట లేదు, ఉత్త నీళ్లు.

అచ్చియ్యమ్మ వంగి ఆ తడిని చాలాసేపు చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"చిరగలేదే," అంది. "చిరగలేదే, వేణీ."