జెముడు పాలు

బట్టలు కుట్టే ఆమెకి ముళ్ల మొక్కలంటే పిచ్చి. కిటికీ గట్టు మీద మొదలైన సరదా బాల్కనీ అంతా పాకింది. గుండ్రటివి, వేలంతవి, దూదిలాంటి నూగున్నవి. మట్టిలో ఇసుక కలిపి, నీళ్లు ఆచితూచి పోస్తూ, పసిపిల్లల్లా సాకేది. "ఈ ఇంట్లో నాకన్నా వాటికే మర్యాద" అని బస్సు డ్రైవరైన భర్త దెప్పేవాడు.

ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో నడుమెత్తు మొక్క ఒకటి ఇచ్చి వెళ్లారు. చూడ్డానికి కాక్టస్‌లాగే ఉన్నా అది జెముడు జాతిది. ఆ సంగతి ఆమెకి తెలీదు. వానలకి దాని కొమ్మ ఒకటి కుళ్లింది. నాలుగేళ్ల కూతురు లోపల బొమ్మలతో ఆడుకుంటోంది కదా అని, మధ్యాహ్నం ఆ కొమ్మ కోసేసింది. తెగిన చోట తెల్లటి పాలు బుడబుడా కారాయి. వేళ్ల జిగట తువ్వాలుకి తుడిచి, పరధ్యానంగా దాంతోనే మొహం మీది చెమట ఒత్తుకుంది.

కళ్లలో కారం కొట్టినట్టయింది. బాల్కనీ కుళాయి కింద మొహం పెట్టి ఎంత కడిగినా మంట తగ్గలేదు. బలవంతాన రెప్పలు విప్పితే మసక తప్ప ఏమీ కనబడలేదు. సూదిలో దారం ఎక్కించే బతుకు తనది. చూపు పోతే ఎలా? అనుకుంటూ ఉండగానే వెనక కిసుక్కుమని నవ్వు వినిపించింది.

"అమ్మా, కళ్లు మూసుకున్నావా? నేను దాక్కుంటా."

కోసిన కొమ్మ ఎక్కడ పడేసిందో గుర్తు లేదు.

"వద్దు బుజ్జీ, ఇది ఆట కాదు. ఎక్కడున్నావ్?"

ఆమె నేల తడుముతూ పాకింది. కుండీ ఒకటి దొర్లి, అరచేతుల్లో ముళ్లు దిగాయి.

"అమ్మా, ఇక్కడ పాలు ఒలికాయి" అంది పిల్ల, ఏ మూల నుంచో.

"ముట్టుకున్నావా?"

మళ్లీ కిసుక్కుమని నవ్వు. గట్టిగా అరిస్తే పిల్ల బెదిరి ఏడుస్తుంది. ఏడిస్తే కళ్లు నులుముకుంటుంది. ఆమె గొంతులో నవ్వు తెచ్చుకుంది.

"సరే తల్లీ, నేను ఓడిపోయాను. చేతులు పైకెత్తి రా, నువ్వే గెలిచావు."

చిన్న అడుగులు దగ్గరికొచ్చాయి. దొరికిన రెండు మణికట్లూ ఒడిసి పట్టుకుంది. అరచేతులు జిగటగా ఉన్నాయి. జెముడు పాలో, ఇందాక తిన్న మిఠాయో, వాసన చూసినా తెలియలేదు. కుళాయి దగ్గరికి లాక్కెళ్లి సబ్బుతో రుద్దింది. "నొప్పమ్మా" అని పిల్ల ఏడుస్తూ గింజుకున్నా వదల్లేదు. ఆ ఏడుపు విని పక్కింటి పిన్నిగారు తలుపు కొట్టేదాకా రుద్దుతూనే ఉంది.

పిన్నిగారే ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. పిల్లకి ఏమీ కాలేదన్నాడు కళ్ల డాక్టరు. ఆమె కళ్లకి మందు వేసి, కట్టు కట్టి, "చూపు వస్తుందనే అనుకుంటున్నానమ్మా" అన్నాడు. అనుకుంటున్నాను అన్న ఆ ఒక్క మాట కట్టు వెనక చీకట్లో ఆమెని కొరుక్కు తింది. నిద్రలో కూడా పిల్ల చెయ్యి వదిలేది కాదు.

కట్టు విప్పిన రోజు ముందు వెలుగు, తరవాత భర్త చొక్కా కనిపించాయి.

"ఆ గుండీ ఎప్పుడు ఊడిందండీ?" అంది.

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

జెముడుని ఆయనే చేతులకి తొడుగులు వేసుకుని పెకలించేశాడు. కాక్టస్‌లని మాత్రం ఆమె వదులుకోలేదు. బాల్కనీ తలుపుకి పైన గడియ పెట్టించింది. ఇప్పటికీ మిషన్ ఆపి, లేచి వెళ్లి, అది పడిందో లేదో చూసి వస్తూ ఉంటుంది.